ఇళ్ళు లేని రేవు

ఆ ఆదివారం జోగులు హోప్ టౌన్ రేవులో స్టూలు వేసుకునేసరికే గాలి తిరిగిపోయింది. మొన్నటిదాకా కొండ మీంచి దిగివచ్చిన పొడిగాలి ఆగిపోయి, వెనక హార్బరు మీంచి తడిగాలి వీపుకి కొడుతోంది. ఒళ్ళో పెట్టుకున్న ప్లైవుడ్ చెక్క మీద కొండకి వేసిన ఆకుపచ్చ ఇంకా ఆరలేదు, ఎదుట కొండ నల్లబడింది. ఆ పచ్చలో కాస్త నలుపూ, కాస్త నీలమూ కలిపి దిద్దాడు. దిద్దేలోపు మబ్బు నీడ పక్కకి జరిగిపోయి కొండ మళ్ళీ వెలిగింది.

బ్రష్షు గుడ్డకి తుడిచి తనలో తను నవ్వుకున్నాడు. ఈ ఏడాదికి బయటి పని అయిపోయినట్టే.

జోగులుకి యాభై రెండేళ్ళు. హార్బరు అవతల హాడోలో సర్కారు బోట్ల షెడ్డులో పెయింటరు. వారమంతా బోట్ల మీద పేర్లూ నంబర్లూ రాస్తాడు. ఆదివారం మాత్రం తన బొమ్మలు వేసుకుంటాడు. నవంబరులో వానలు వెలిసిన దగ్గర్నుంచి మే నెల మబ్బులు పట్టేదాకా ప్రతి ఆదివారమూ పొద్దుటి ఫెర్రీకి హోప్ టౌన్ వచ్చి, రేవు చివర రాయి పక్కన కూర్చుని, చిన్న చిన్న చెక్కల మీద కంటికి కనబడింది కనబడినట్టు వేస్తాడు. వానలు మొదలయ్యాక లంబాలైన్ పేటలో తన ఇంట్లో, చుట్టూ రేకులు కట్టిన వరండాలో ఆ చెక్కలన్నీ ముందు పెట్టుకుని పెద్ద బట్ట మీద పెద్ద బొమ్మ కడతాడు.

కొండ కింద కొబ్బరిచెట్ల నీడన ఏడు ఇళ్ళున్నాయి. రేకులూ, తాటాకూ, ఓడల్లోంచి వచ్చిన పెట్టెల చెక్కలూ కలిపి కట్టుకున్న ఇళ్ళు. అందరూ శ్రీకాకుళం వైపు నుంచి సముద్రం దాటి ఈ దీవికి వచ్చి చేపలు పట్టుకుని బతికేవాళ్ళే. ఏడు గోధుమరంగు గీతల్లో ఆ ఏడు ఇళ్ళనీ అతను చెక్క మీదకి తెచ్చేశాడు. చివరి ఇంటి ముందు ఎండుచేపలు తిరగేస్తున్న మనిషిని ఎర్రటి చుక్కగా పెట్టాడు.

ఆ ఎర్రచీర మనిషే కాసేపటికి టీ గ్లాసుతో వచ్చింది. గవరమ్మ. అతనికన్నా నాలుగైదేళ్ళు పెద్దది. మూడేళ్ళ కిందట ఆమె భర్త నూకయ్య చేపల వేటకి వెళ్ళాడు. డోనీ పడవ తిరిగి దొరికింది కానీ మనిషి దొరకలేదు. ఇప్పుడు కొడుకు పెద్దబ్బాయి ఆ డోనీయే నడుపుతున్నాడు. జోగులు స్టూలూ, గొడుగూ ప్రతి ఏడూ వీళ్ళ ఇంటి చూరులోనే ఉంటాయి.

"లోపలికెల్లిపోతావేటి తమ్ముడూ ఇంక?"

"అంతే అప్పా. మబ్బు నిలబడనివ్వడం లేదు."

ఆమె బొడ్డులోంచి మడిచిన కాగితం తీసింది. "టీ తాగీసి ఓపాలి ఇది సూడు. మొన్న ఇద్దరొచ్చినారు. ఇంటింటికీ ఓ కాయితం ఇచ్చీసి, ఏలిముద్ర ఎయ్యించుకొని ఎల్లిపోనారు."

కాగితం హిందీలో టైపు చేసి ఉంది. జోగులు పెదాలు కదుపుతూ నెమ్మదిగా చదివాడు. రెండోసారి చదివాడు.

"ఈ నేల సర్కారుది అంటున్నారప్పా. డెబ్భై రెండో సంవత్సరానికి ముందునుంచీ ఇక్కడున్నామని చూపించుకున్నవాళ్ళు ఉండొచ్చు. లేనివాళ్ళు ఖాళీ చెయ్యాలి. గురువారం పదింటికి ఆఫీసుకి రమ్మన్నారు."

"డెబ్భై రెండంటే ఎన్నేళ్ళయింది?"

"ఏడు."

ఆమె ముఖం విప్పారింది. "ఓస్, అంతేనా! మాం ఒచ్చి పదమూడేళ్ళు దాటిపోలేదేటి? మా ఆయన ఈ రాటలు పాతినప్పుడు పెద్దబ్బాయి నా నడుం కాడికొచ్చీవోడు."

"ఏదన్నా కాగితం ఉందా? రేషన్ కార్డూ అదీ?"

"కార్డు హాడోలో మా ఆడబిడ్డింటి మీదుంది. ఓడ దిగినప్పుడు అక్కడ రాసినారు, అలగే వుండిపోనాది. అందరియ్యీ అంతే." ఆమె అతని వైపు తిరిగింది. "నువ్వున్నావు కదా తమ్ముడూ. ఇన్నేళ్ళబట్టీ మమ్మల్ని సూత్తన్నావు. నీకు సర్కారు పనుంది, హిందీ ఒచ్చు. నువ్వొచ్చి సెప్తే నమ్మరేటి?"

"ఎందుకు నమ్మరు. వస్తాను."

ఆ మాట చాలా తేలిగ్గా వచ్చింది. రంగుల పెట్టె మూసి, తడి చెక్క రెండు బద్దల మధ్య బిగించి ఫెర్రీకి నడిచాడు. జెట్టీ చేరకముందే మొదటి చినుకులు పడ్డాయి.

సోమవారం నుంచి వాన విడవలేదు. షెడ్డు నుంచి రాగానే జోగులు వరండాలో కూర్చునేవాడు. ఉత్తరం వైపు ఉన్న ఒక్క కిటికీలోంచి బూడిదరంగు వెలుతురు వచ్చేది. రేకుల మీద వాన మోతకి పక్క మనిషి మాట వినబడేది కాదు. సోమవారం కర్ర చట్రానికి బట్ట లాగి బిగించాడు. చెమ్మకి బట్ట వదులవుతుంటే మూలల్లో సీలలు దిగగొట్టాడు. మంగళవారం సుద్దా, జిగురూ కాచి రెండు పూతలు పూశాడు. ఆరడానికి అతని భార్య అచ్చమ్మ బొగ్గుల కుంపటి తెచ్చి బట్టకి దూరంగా పెట్టింది. వానాకాలంలో వాళ్ళింట్లో కుంపటి మనుషులకంటే బొమ్మలకే ఎక్కువ కాగేది.

బుధవారం సాయంత్రం బొగ్గు ముక్కతో బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. ఈ సీజనులో వేసిన పద్దెనిమిది చెక్కలూ గోడవార తాడుకి వేలాడుతున్నాయి. ఒకదాన్నుంచి కొండ తీసుకున్నాడు. ఇంకోదాన్నుంచి నీళ్ళ మీద పొద్దుటి మెరుపు. మరోదాన్నుంచి వంగిన కొబ్బరిచెట్టు. కొండ కింద ఒడ్డు గీత ఒక్క లాగుడులో ఆ చివర్నుంచి ఈ చివరికి తెచ్చాడు. తెల్లటి ఇసుక, ఖాళీగా.

అచ్చమ్మ బియ్యం ఏరుతూ గుమ్మంలో కూర్చుని చూస్తోంది.

"ఈయేడూ ఇళ్ళు తీసేసినావా?"

"అవి పెడితే ఒడ్డు ఇరుకైపోతుంది. కొండ ఎత్తు కనబడదు."

"సెక్కల మీద పెట్టినావు గదా."

"చెక్క వేరు, ఇది వేరు. ఇది గోడకి పెట్టుకునేది. చూసేవాడికి కంటికి చల్లగా ఉండాలి."

ఆమె మళ్ళీ బియ్యం ఏరుకోసాగింది. అతనూ ఆ మాట గురించి ఆలోచించలేదు. ఎప్పుడో మొదట్లో ఒక పెద్ద బొమ్మలో ఇళ్ళు పెట్టాడు. ఆగస్టు పదిహేనుకి స్కూలు హాల్లో బొమ్మలు పెడితే ఆ ఒక్కటీ ఎవరూ తీసుకోలేదు. తర్వాతి ఏడు ఇళ్ళు తీసేసి వేసిన బొమ్మ మొదటి రోజే పోయింది. అప్పట్నుంచి చేతికి అదే అలవాటైపోయింది. అలా ఏడాదికొకటి చొప్పున ఏవేవో ఆఫీసులకీ, గెస్ట్ హౌసులకీ వెళ్ళాయి. ఏది ఎక్కడుందో అతనికే తెలియదు.

గురువారం ఆఫీసు వరండాలో గవరమ్మా, ఇంకో నలుగురు ఆడవాళ్ళూ తడిసిన చీరలతో గోడకి ఆనుకుని నిలబడ్డారు. మగవాళ్ళు వేటకి వెళ్ళలేదు కానీ లోపలికి రావడానికి జంకి బయట రేకుల కింద ఉన్నారు. పెద్దబ్బాయి ఒక్కడే తల్లి పక్కన నిలుచున్నాడు. జోగులు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. అతన్ని చూడగానే ఆడవాళ్ళ ముఖాల్లో ధైర్యం వచ్చింది.

పిలుపు వచ్చేసరికి పన్నెండయింది. లోపల ఆఫీసరు నడివయసు మనిషి, ఉత్తరాదివాడు, మాట మెత్తన. పక్కనే కన్నారావనే తెలుగు గుమాస్తా ఫైలు విప్పి కూర్చున్నాడు. ఒక్కొక్క ఇంటి పేరూ చదివారు. కాగితం ఉందా అని అడిగారు. లేదు, లేదు, లేదు. ఏడుసార్లు కన్నారావు కలం అదే మాట రాసింది.

"గవా హై కోయీ?" ఆఫీసరు అడిగాడు.

"సాక్షులెవరన్నా ఉన్నారా అంటున్నారు" అని కన్నారావు తెలుగులో చెప్పాడు.

గవరమ్మ జోగులు భుజం మీద చెయ్యి వేసి ముందుకి తోసింది. అతను చేతులు కట్టుకుని హిందీలో చెప్పాడు. తను అరవై ఏడు నుంచీ ఆ రేవుకి వెళ్తున్నాననీ, అప్పటికే ఈ ఇళ్ళున్నాయనీ, వీళ్ళందరినీ ఎరుగుదుననీ చెప్పాడు.

"అక్కడికెందుకు వెళ్తావు?"

"బొమ్మలు వేసుకోడానికి, సాబ్."

కన్నారావుకి సాయం చెయ్యాలనిపించింది. సాక్షి విలువ పెంచుదామనుకున్నాడు. లేచి నవ్వుతూ, "సార్, మీ వెనకాల ఉన్న బొమ్మ ఈయన వేసిందే. పెద్ద ఆర్టిస్టు" అన్నాడు.

జోగులు అప్పుడు చూశాడు. ఆఫీసరు కుర్చీ వెనక గోడకి, గడియారం కింద, అద్దం ఫ్రేములో తన బొమ్మ. కొండా, వంగిన కొబ్బరిచెట్టూ, నీళ్ళ మీద మెరుపూ. అతనికి క్షణం పాటు సంతోషం కలిగింది. ఆ నీళ్ళు బాగా కుదిరిన ఏడు అది. మరుక్షణం అతని చూపు ఒడ్డు మీదకి జారింది.

ఆఫీసరు కుర్చీ తిప్పాడు. కళ్ళజోడు పెట్టుకుని లేచి బొమ్మ దగ్గరికి వెళ్ళాడు. మూడేళ్ళుగా దానికి వీపు పెట్టి కూర్చున్న మనిషి, మొదటిసారి చూస్తున్నట్టు చూశాడు.

"ఇది ఏ చోటు?"

"హోప్ టౌన్ రేవు, సాబ్."

"సంతకం కింద డెబ్భై ఒకటి అని ఉంది."

"అవును సాబ్."

ఆఫీసరు వేలు అద్దం మీద ఒడ్డు గీత వెంబడి ఆ చివర్నుంచి ఈ చివరికి నడిచింది. "మరి ఇళ్ళేవీ?"

జోగులు నోరు తెరిచాడు. "ఉన్నాయి సాబ్. నేనే... వెయ్యలేదు."

"ఎందుకు?"

"బొమ్మ అందంగా ఉంటుందని."

ఎవరో సన్నగా నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. కన్నారావు చేతిలో కలం అలాగే ఆగిపోయింది. తను చేసింది ఏమిటో అతనికి అప్పుడు తెలిసింది.

గవరమ్మకి హిందీ సగమే అర్థమైంది. కానీ బొమ్మ అర్థమైంది. ఆమె ఇన్నేళ్ళలోనూ అతని చెక్కలు చూసిందే కానీ పెద్ద బొమ్మ ఎప్పుడూ చూడలేదు. ఎవరూ పిలవకుండానే బల్ల చుట్టూ తిరిగి గోడ దగ్గరికి వెళ్ళింది. తడి పాదాల గుర్తులు గచ్చు మీద పడ్డాయి.

"ఇది మన రేవే" అంది. "అదుగో డోనీ లాగీ రాయి. అదుగో వొంగిన సెట్టు." వెతికింది. మళ్ళీ వెతికింది. వెనక్కి తిరిగి చాలా మామూలుగా అడిగింది. "నా ఇల్లేది తమ్ముడూ?"

జోగులు గచ్చు మీద ఆమె పాదాల తడినే చూస్తూ ఉండిపోయాడు.

శనివారం మధ్యాహ్నం లోపల రాతలో ఏదన్నా తెస్తే చూస్తానని ఆఫీసరు గడువిచ్చాడు. వరండాలోకి వచ్చాక పెద్దబ్బాయి తల్లి చెయ్యి పట్టుకుని, అతని వైపు చూడకుండా, వానలోకి నడిచాడు.

జోగులు శుక్రవారం పనికి సెలవు పెట్టాడు. పొద్దున్నే వరండాలోని చెక్కలన్నీ కిందికి దించాడు. ప్రతి చెక్క వెనకా తేదీ ఉంటుంది, ముందు ఇళ్ళుంటాయి. కానీ గోడవారవి ఈ ఏడువి. అటక మీదవి నిరుడువి. అంతకు ముందువి లేవు. మంచి ప్లైవుడ్డు దొరకడం కష్టం. ప్రతి నవంబరులోనూ అతను పాత చెక్కల మీద తెల్లరంగు రెండు పూతలు పూసి, వెనక తేదీ గీకేసి, మళ్ళీ కొత్త బొమ్మకి వాడుకుంటాడు. ఒక చెక్క మూల టర్పెంటైన్ గుడ్డతో రుద్ది చూశాడు. పైరంగు పోయింది, కింద తెల్లరంగు వచ్చింది. ఇంకా రుద్దాడు. తెల్లరంగుతో పాటు దాని కిందిదీ కలిసి బురదలా గుడ్డకి అంటుకుంది.

ఇంకో చెక్క తీశాడు. అదీ అంతే. మూడోది తీస్తుంటే అచ్చమ్మ వచ్చి చేతిలోంచి గుడ్డ లాక్కుంది.

"ఉన్నయ్యి కూడా పాడు సేసుకుంటావేటి?"

"ఒక్కటన్నా ఉండాలి. ఒక్కటుంటే చాలు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి పిలిచింది. "ఇటు రా. గాలివానకి ఈ కిటికీ రెక్క ఊడిపోయినప్పుడు నువ్వే కదా ఓ సెక్క మేకులెట్టి కొట్టినావు. సిన్నది పుట్టిన ఏడు. డెబ్భై ఒకటి కాదేటి అది?"

పొయ్యి పైనున్న కిటికీకి అడ్డంగా మసి పట్టిన చెక్క. ఎనిమిదేళ్ళ పొగ దాని మీద తారులా పేరుకుంది. జోగులు పట్టుకారుతో మేకులు ఒక్కొక్కటే ఊడదీశాడు. వెనక వైపు వానకి తెల్లబారిపోయినా, కత్తిమొనతో గీసి రాసిన అంకెలు మిగిలాయి. 10.1.71.

ఆ రోజంతా దాని మీదే కూర్చున్నాడు. ముందు మెత్తటి గుడ్డతో పొడి మసి దులిపాడు. తర్వాత గోరువెచ్చటి సబ్బునీళ్ళు దూదితో అద్ది, వేలెడంత మేర తుడిచి, వెంటనే పొడిగుడ్డ అద్దాడు. జిడ్డు వదలనిచోట అచ్చమ్మ బంగాళాదుంప కోసి ఇచ్చింది. దాంతో గుండ్రంగా, బరువు పడకుండా రుద్దాడు. ముక్క నల్లబడగానే ఆమె పల్చగా చెక్కి మళ్ళీ ఇచ్చేది. ముందు ఆకాశం వచ్చింది. తర్వాత కొండ భుజం. మధ్యాహ్నం దాటాక ఒడ్డు దగ్గర మొదటి రేకు కప్పు బయటపడింది. దాని పక్కన రెండోది.

సాయంత్రానికి ఏడు ఇళ్ళూ వచ్చాయి. చివరి ఇంటి ముందు తట్టతో నిలబడిన ఆడమనిషి. గుమ్మంలో కూర్చుని వల అల్లుతున్న మగమనిషి, భుజాన పచ్చ తువ్వాలు.

"బతికున్నయ్యి" అంది అచ్చమ్మ. జోగులు తల ఎత్తలేదు. కిటికీ ఖాళీలోంచి వంటింట్లోకి జల్లు కొడుతున్నా ఇద్దరూ పట్టించుకోలేదు.

శనివారం ఆఫీసరు ఆ చెక్కని చాలాసేపు చూశాడు. కిటికీ వెలుతురులోకి తీసుకెళ్ళి చూశాడు. తిప్పి తేదీ చూశాడు. గోడ మీది బొమ్మతో పోల్చి చూశాడు. అదే కొండ, అదే వంగిన చెట్టు. గుమ్మంలో గవరమ్మ రెండు చేతులూ జోడించి నిలబడింది.

"బాగుంది" అన్నాడు ఆఫీసరు. "గోడ మీద దానికన్నా ఇదే బాగుంది."

చెక్కని బల్ల మీద పెట్టాడు. ఆ తర్వాత హిందీలో అన్న మాట కోపంగా అనలేదు. బాధపడుతున్నట్టే అన్నాడు. "ఈ బొమ్మ నీ చేతిది. ఈ తేదీ కూడా నీ చేతిదే. అందం కోసం ఉన్న ఇళ్ళు తీసేశానని గురువారం నువ్వే చెప్పావు. జాలిపడి లేని ఇళ్ళు పెట్టలేదని నేనెలా అనుకోను?"

కన్నారావు తల వంచుకుని ఫైలులో రాసుకుంటున్నాడు. సోమవారం సాయంత్రానికి ఖాళీ చెయ్యాలనీ, వాళ్ళంతట వాళ్ళే విప్పుకుంటే రేకులూ కర్రలూ తీసుకెళ్ళవచ్చనీ చదివి వినిపించినప్పుడు అతను ఎవరి వైపూ చూడలేదు.

ఫెర్రీకి ఇంకా గంట ఉంది. జెట్టీ షెడ్డులో ఆడవాళ్ళు బెంచీ మీద కూర్చున్నారు. జోగులు ఆ చెక్క చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. వాళ్ళతో వెళ్ళాలో, ఇంటికి వెళ్ళాలో తెలియలేదు. గవరమ్మే చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

ఆమె చుట్టూ మూగారు. "ఇది మాదే. అప్పుడు తాటాకుండీది." "ఇదుగో మా కోళ్ళగూడు!" ఒకామె నవ్వింది కూడా. ఎల్లుండి విప్పేసే ఇళ్ళని వేళ్ళతో తడుముతూ ఎవరిది వాళ్ళు గుర్తుపట్టుకున్నారు. గవరమ్మ ఏమీ మాట్లాడకుండా చివరి ఇంటి గుమ్మం మీద బొటనవేలు ఆనించింది. పచ్చ తువ్వాలు.

"ఇది మా ఆయన కదూ."

జోగులు వంగి చూశాడు. నిన్నంతా తుడుస్తున్నా ఆ సంగతి అతనికి తట్టలేదు. గుమ్మంలో ఒక మనిషి ఉంటే ఇంటికి కొలత తెలుస్తుందని పెట్టిన రెండు గీతలు. కానీ అప్పుడు అక్కడ కూర్చున్నది నూకయ్యే. ఇంకెవరు కూర్చుంటారు?

"అవునప్పా. ఆయనే."

"ఫొటో ఒక్కటీ లేదు ఆయనది. ఎప్పుడూ తియ్యించలేదు." కళ్ళు చిట్లించి ఇంకా దగ్గరికి తెచ్చుకుంది. చీర చెంగుతో ఆ చోటు నెమ్మదిగా తుడిచింది. మసి ఏమన్నా మిగిలిందేమోనని మళ్ళీ తుడిచింది. "మొకం లేదేటి?"

"దూరం నుంచి వేశానప్పా. అంత దూరం నుంచి ముఖం కనబడదు."

"అవున్లే. నువ్వెప్పుడూ ఆ సివరే కూకునీవోడివి."

నిష్ఠూరం ఏమీ లేదు ఆ గొంతులో. ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది.

"ఇప్పుడెయ్యగలవా తమ్ముడూ? మొకం?"

జోగులు కళ్ళు మూసుకున్నాడు. నూకయ్య పక్కన కూర్చుని ఎన్నిసార్లు టీ తాగాడో. వీపు వంపు గుర్తొచ్చింది. వల మీద కదిలే వేళ్ళు గుర్తొచ్చాయి. ఎండలో ఆ తువ్వాలు ఏ పచ్చగా ఉండేదో, నీడలో ఏ పచ్చగా మారేదో, ఏ రంగులో ఏది ఎంత కలిపితే వస్తుందో కూడా గుర్తొచ్చింది. ముఖం రాలేదు. ఎంత బలవంతం చేసినా మెడ దగ్గరే ఆగిపోయింది.

"రావడం లేదప్పా" అన్నాడు. "చూశాను గానీ, చూసుకోలేదు."

గవరమ్మ తల ఊపింది. చెక్కని బొమ్మ వైపు తన గుండెకి ఆనేలా తిప్పుకుని, చెంగు చుట్టి పట్టుకుంది. ఫెర్రీ వస్తే ఎక్కింది. జోగులు ఎక్కలేదు.

సోమవారం తెల్లారే మొదటి ఫెర్రీకి హోప్ టౌన్ వెళ్ళాడు. వానాకాలంలో అతను ఆ రేవుకి రావడం అదే మొదలు. రంగుల పెట్టె తేలేదు. సుత్తీ, పట్టుకారూ తెచ్చాడు. సన్నటి వాన పడుతూనే ఉంది. కొండ కనబడటం లేదు. అప్పటికే మూడు ఇళ్ళ కప్పులు దిగిపోయాయి. మగవాళ్ళు కర్రలు మోసి డోనీల్లో పడేస్తున్నారు.

గవరమ్మ ఇంటి కప్పు మీదున్న పెద్దబ్బాయి అతన్ని చూసి పైనుంచే అరిచాడు. "ఎందుకొచ్చినావు? సాయంత్రం దాకా ఆగు, నీ బొమ్మలాగే ఐపోతాది, అప్పుడొచ్చి ఏసుకో!"

జోగులు కింద నిలబడ్డాడు. "సాయం చేద్దామని వచ్చాను, బాబూ."

"మా ఇల్లు నువ్వు ముట్టుకోకు."

లోపల్నుంచి గవరమ్మ వచ్చింది. ఇద్దరినీ చూసింది. "రేకులు దించీవోడు దించుతాడు. మేకులు తీసీవోడు లేడు" అని, ఖాళీ డాల్డా డబ్బా ఒకటి తెచ్చి జోగులు ముందు పెట్టింది.

అతను అక్కడే తడి నేల మీద కూర్చున్నాడు. దించిన చెక్కల్లోంచి మేకులు ఊడదీశాడు. తుప్పు పట్టినవాటికి కొబ్బరినూనె చుక్క రాసి, అటూ ఇటూ కదిపి, తల విరగకుండా లాగాడు. వంకరపోయినవి రాయి మీద పెట్టి తిన్నగా కొట్టాడు. నూకయ్య కొట్టిన మేకులవి. కొన్ని ఓడ పెట్టెల పెద్ద మేకులు, కొన్ని డోనీకి వాడేవి. మధ్యాహ్నానికి అరచేతులు పొక్కులెక్కాయి. ఒకసారి పెద్దబ్బాయి చెక్కల మోపు తెచ్చి అతని పక్కన, కాస్త మెల్లగానే, పడేశాడు.

రేకులు పోయాయి. గోడలు పోయాయి. గవరమ్మ చివరి మూట కట్టి వచ్చి అతని పక్కన చతికిలబడింది. డబ్బా ఒళ్ళోకి తీసుకుని, అతను తిన్నగా చేసిన మేకులు ఒక్కొక్కటే అందులో వేసుకోసాగింది.

"మొన్న నిన్ను మొకం ఎయ్యమన్నాను కదా" అంది, వాన చప్పుడులో వినీ వినబడనట్టు. "నాకు కూడా రావట్లేదు తమ్ముడూ."

జోగులు సుత్తి ఆపాడు.

"పెద్దబ్బాయికి సెప్పకు. యాడాది బట్టీ ఇలగే ఔతంది. పనిలో వున్నప్పుడు తలుసుకుంటే రాదు. పడుకున్నప్పుడు రాదు. ఆ గుమ్మంలోకి సూత్తే మాత్రం ఒస్తాది. పొద్దుగూకీటప్పుడు అక్కడ కూకునీవోడు కదా. గుమ్మం సూత్తే దాని ఎంటే మొకం ఒచ్చీసీది." కొంగుతో ముఖం మీది వాన తుడుచుకుంది. "హాడోలో మా ఆడబిడ్డ గుమ్మంలో ఆయనెప్పుడూ కూకోలేదు."

ఇల్లంతా పోయి ద్వారబంధం ఒక్కటే నిలబడి ఉంది. దాని ఇటూ వానే, అటూ వానే. పెద్దబ్బాయి గునపం పట్టుకుని దాని దగ్గరికి వచ్చాడు. కింద మట్టి తవ్వడానికి గునపం ఎత్తాడు.

"ఆగు బాబూ" అన్నాడు జోగులు. లేచి వెళ్ళి అడ్డం నిలబడ్డాడు. "అది చివర్న తీద్దాం."

"ఇంకేటుంది సివరికి? ఇదే సివర."

"కాసేపు ఆగు."

పెద్దబ్బాయి తల్లి వైపు చూశాడు. ఏమనిపించిందో, గునపం నేలకి ఆనించి, పక్కకి వెళ్ళి డోనీ అంచు మీద కూర్చున్నాడు. జోగులు కూడా గుమ్మానికి అడ్డం లేకుండా పక్కకి తప్పుకున్నాడు.

గవరమ్మ డబ్బా ఒళ్ళో పెట్టుకుని గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. వాన పెద్దదయింది. ఆమె కళ్ళు ఆర్పడం లేదు. పెదాలు ఒకసారి కదిలాయి. జోగులు ఆమె చూస్తున్నవైపు చూడలేదు. ఆమె ముఖమే చూశాడు. పన్నెండేళ్ళలో మొదటిసారి ఇంత దగ్గర్నుంచి చూశాడు. కింది పెదవి మీది పాత మచ్చ, చెవి దగ్గర తెల్లబడిన జుట్టు, ఎడమ కన్ను కుడిదాని కన్నా కొంచెం చిన్నది.

డోనీల దగ్గర్నుంచి ఎవరో కేకేశారు, పోటు నీళ్ళు దిగిపోతున్నాయని.

ఆమె చేత్తో నేల ఆనుకుని లేచింది. చీరకంటిన మట్టి దులుపుకుంది.

"తీసీరా పెద్దబ్బాయీ" అంది. "ఇంకా తడిత్తే బరువెక్కిపోతాది."